నిప్పు మిగిల్చిన పేరు

ఇరవై ఏళ్లుగా అత్తాకోడళ్ల కథలూ, ప్రేమకథలూ రాసి రాసి నాకే విసుగొచ్చింది. ఈసారి ఓ హత్య చేద్దామనిపించింది. కాగితం మీదే లెండి, కంగారు పడకండి! నా నవలలో విలన్ అర్ధరాత్రి వేళ శవాన్ని తీసుకెళ్లి ఇటుకల బట్టీలో పడేస్తాడు. "తెల్లారేసరికి గుప్పెడు బూడిద తప్ప అక్కడ ఏ ఆధారమూ లేదు" అని ఠీవిగా రాసి అధ్యాయం ముగించాను. మావారు చదివి, "నిన్ను చూస్తే నాకే భయంగా ఉందోయ్" అన్నారు. రచయిత్రికి అంతకంటే ఏం కావాలి?

రెండు వారాలు తిరక్కుండానే రాజమండ్రి నుంచి ఉత్తరం వచ్చింది. రాసినావిడ సైన్సు టీచరుగా పనిచేసి రిటైరయ్యారట. అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి గానీ, మాటలు మాత్రం బెత్తం దెబ్బలే. "అమ్మా, తమరు ఆర్ట్సు చదువుకున్నారనుకుంటాను. మనిషిని కాలిస్తే బూడిద ఒక్కటే మిగిలేటట్టయితే మూడో రోజున మనం శ్మశానానికి వెళ్లి ఏరుకొచ్చేది ఏమిటంటారు?"

సిగ్గేసింది. నిజమే కదా! మా నాన్నగారు పోయినప్పుడు మా అన్నయ్య కుండలో తెచ్చినవి అస్థికలే గానీ బూడిద కాదు. తెల్లగా, తేలిగ్గా, ముట్టుకుంటే పొడి రాలేటట్టున్న ముక్కలు. ఆ కుండ మా పెరట్లో జామచెట్టు కొమ్మకు ఒక రాత్రంతా వేలాడింది. అంత చూసీ నేను "గుప్పెడు బూడిద" అని రాశానంటే, బి.ఏ.లో చదివిన తెలుగూ చరిత్రా నాకు కళ్లు తెరిపించలేదన్నమాటే.

మా అక్క కూతురు బయోటెక్నాలజీ చదివి, ఈ ఊళ్లోనే ఒక లేబొరేటరీలో పనిచేస్తోంది. ఊరూ పేరూ రాయనని ఒట్టు వేయించుకుని మరీ మాట్లాడింది. మేముండేది కొండాపూర్‌లో. బాల్కనీలో నిలబడితే హైటెక్ సిటీ అద్దాల మేడలు కనిపిస్తాయి. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైనప్పుడు చుట్టూ బండరాళ్లూ, పొదలేనట. ఇప్పుడు రాత్రి పన్నెండింటికి కూడా దీపాలారవు. ఆ ఆదివారం కాఫీ గ్లాసు చేతికిచ్చి, "ఏమే, ఎముకను కాలిస్తే ఏమవుతుందే?" అని అడిగాను.

"పిన్నీ, ఆదివారం పొద్దున్నే ఇదా నువ్వడిగేది!" అని నవ్వి, నన్ను వంటింట్లోకి లాక్కుపోయింది. స్టవ్ మీద నేను పచ్చడికని పెట్టిన వంకాయ కాలుతోంది. "ఇదిగో, నీ పాఠం ఇక్కడే ఉంది" అంది.

వంకాయ పైతొక్క బొగ్గయిపోయినా లోపలి గుజ్జు మెత్తగా, పదునుగానే ఉంటుంది. మనిషి దేహమూ అంతేనట. చర్మం, కండ, కొవ్వు ముందుగా ఆ వేడిని భరిస్తాయి. అవి ఉన్నంతసేపు ఎముకకు రక్షణ ఉంటుంది. దళసరి కండ కింద దాక్కున్న తొడ ఎముకకు ఎక్కువసేపు రక్షణ ఉంటుంది, వేళ్ల ఎముకలకు తక్కువ. దవడ పళ్లకు పెదవులూ, బుగ్గలూ, నాలుకా కాపలా. చెవి లోపలి భాగాన్ని చుట్టుకుని పుర్రె అడుగున ఒక గట్టి ఎముక ఉంటుంది. అంత చిక్కని ఎముక ఒంట్లో మరెక్కడా ఉండదంటారు. అందుకే కాలిన దేహాల దగ్గరకు వెళ్లిన నిపుణులు ముందుగా వెతికేవి ఇవే.

ఎముకలో మూడింట రెండు వంతులు కాల్షియం, భాస్వరం కలిసిన ఖనిజం. మిగిలిన వంతు కొల్లాజెన్ అనే ప్రోటీనూ, నీరూ. వేడి తగిలితే ముందు నీరు పోతుంది. తరువాత ప్రోటీను మాడుతుంది. చివరకు ఒట్టి ఖనిజం మిగులుతుంది. ఈ ప్రయాణమంతా రంగుల్లో కనిపిస్తుందట. లేత పసుపు రంగు ఎముక గోధుమరంగుకు తిరుగుతుంది. మూడు నాలుగు వందల డిగ్రీల దగ్గర బొగ్గులా నల్లబడుతుంది. ఇంకా కాలితే పావురం రెక్కలాంటి నీలిబూడిద రంగు. ఏడెనిమిది వందల డిగ్రీలు దాటితే ముగ్గుపిండిలా తెల్లబడిపోతుంది. ఎంత వేడన్నదే కాదు, ఎంతసేపన్నదీ లెక్కే. తెల్లబడేసరికి ఎముక కుంచించుకుపోతుంది, నెర్రెలు విచ్చుతుంది, కాస్త గట్టిగా పట్టుకుంటే పొడై రాలుతుంది. ఆ పైన కూడా ఎముక ఎముకే. రాజమండ్రి మాస్టారమ్మగారి మాట నూటికి నూరుపాళ్లూ నిజం.

"మరి దాన్ని చూసి ఎవరిదో చెప్పొచ్చా?" అన్నాను.

"అక్కడే ఉంది పిన్నీ కష్టమంతా. ఎముక మిగలడం వేరు, పేరు మిగలడం వేరు."

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. నవల పక్కన పెట్టి, పుస్తకాలు తెరిచాను. నేను చదువుకున్నది చరిత్రే కాబట్టి, ఈ సంగతికీ చరిత్ర ఉంటుంది కదా అని వెతుక్కుంటూ పోయాను. ఉంది! అందులో ఆడవాళ్ల కన్నీళ్లు కూడా చాలానే ఉన్నాయి.

1849లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జార్జి పార్క్‌మన్ అనే ధనవంతుడు మాయమయ్యాడు. అప్పు వసూలుకని హార్వర్డ్ వైద్య కళాశాలలో వెబ్‌స్టర్ అనే ప్రొఫెసరు దగ్గరకు వెళ్లినవాడు తిరిగి రాలేదు. ఆ ప్రొఫెసరు గారి కొలిమిలో కాలిన ఎముకలతోపాటు కట్టుడు పళ్ల ముక్కలు దొరికాయి. ఆ పళ్లు కట్టిన దంతవైద్యుడు వాటిని చూసి, "ఇవి నా చేతి పని" అని కోర్టులో చెప్పాడు. ప్రొఫెసరుకు 1850లో ఉరి పడింది. మా విలన్‌కు ఈ కథ తెలియదు పాపం!

ఆ తరువాతది ప్యారిస్. 1897 మే 4న అక్కడ గొప్పింటి స్త్రీలంతా కలిసి పేదల సహాయార్థం ఒక సంత పెట్టారు. చెక్కతో, గుడ్డతో కట్టిన పందిరి. అప్పుడప్పుడే పుట్టిన సినిమాను అందులో చూపిస్తున్నారు. ఆ యంత్రం దీపంలో పోసే ఈథర్‌కు నిప్పంటుకుంది. కొద్ది నిమిషాల్లో పందిరంతా అంటుకుని 126 మంది చనిపోయారు. వాళ్లలో చాలామంది స్త్రీలు. గౌన్లు, లేసులు, జడల్లో రిబ్బన్లు... అన్నీ నిప్పుకు నేస్తాలే. ఆస్ట్రియా మహారాణి సొంత చెల్లెలు, డచెస్ ద అలాన్‌సన్ కూడా అందులో ఉంది. నగలు చూసీ, బట్టల పీలికలు చూసీ కొందరిని గుర్తుపట్టారు గానీ, ఆవిడను గుర్తుపట్టలేకపోయారు. అప్పుడు పరాగ్వే దేశపు దౌత్యాధికారి ఒకాయన, "వీళ్లకు పళ్లు చూసిన వైద్యులను పిలిపించకూడదూ?" అన్నాడు. పిలిపించారు. పన్ను పూడ్చిన గుర్తులను చూసి ఆవిడ దంతవైద్యుడు ఆవిడను పోల్చాడు. మరుసటి ఏడు అమొయీడో అనే దంతవైద్యుడు ఈ విద్య మీద ఏకంగా పుస్తకమే రాశాడు. ఈనాటికీ ప్రపంచమంతా పెద్ద ప్రమాదాలప్పుడు మనిషిని నికరంగా గుర్తించడానికి నమ్మేవి మూడే. వేలిముద్రలు, పళ్లు, డి.ఎన్.ఏ. ముఖమూ, బట్టలూ, నగలూ ఆ వరసలోకి రావు. పళ్ల డాక్టరు తీసిన ఎక్స్‌రేలను చెత్తబుట్టలో పడేసే అలవాటు నాకుండేది. ఇప్పుడు మానేశాను.

మూడోదైన డి.ఎన్.ఏ. రావడానికి 1984 దాకా ఆగాలి. ఆ ఏడు సెప్టెంబరు 10న ఇంగ్లండులోని లెస్టర్‌లో అలెక్ జెఫ్రీస్ అనే శాస్త్రవేత్త, ప్రతి మనిషి డి.ఎన్.ఏ.లోనూ వేలిముద్రలాంటి ప్రత్యేకమైన వరస ఉంటుందని కనుక్కున్నాడు.

ఇక్కడ నేను కొంచెం ఆగాలి. 1984 అనగానే నాకు మా పెద్దమ్మ గుర్తొస్తుంది.

మా పెద్దమ్మది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన సంగతి మీలో పెద్దవాళ్లకు గుర్తుండే ఉంటుంది. పది వేలకు పైగా ప్రాణాలు పోయాయి. పెదనాన్న ఆ రోజు పొలం పనిమీద నాగాయలంక వైపు వెళ్లాడు. మళ్లీ కనిపించలేదు. శవాలను ఎక్కడివక్కడ గుంపులుగా పూడ్చారు, గుంపులుగా కాల్చారు. ఎవరు ఎవరో చూసుకునే దిక్కు లేదు. పెద్దమ్మ వారం రోజులు తిరిగి, ఏమీ దొరక్క ఇల్లు చేరింది. పోయాడని ఏడవనూ లేదు, వస్తాడని నవ్వనూ లేదు.

మన చట్టంలో ఒక మాట ఉంది. 1872 నాటి సాక్ష్య చట్టంలో రాసినది, ఇప్పుడు 2024 నుంచి అమలవుతున్న కొత్త చట్టంలోనూ ఉంది. ఏడేళ్లపాటు ఒక మనిషి కబురు తెలియవలసినవాళ్లకు తెలియకపోతే, అతను బతికే ఉన్నాడని చూపే భారం బతికే ఉన్నాడన్నవాళ్ల మీద పడుతుంది. 1984 నవంబరుకు ఏడేళ్లు నిండాయి. నాకప్పుడు అయిదేళ్లు. బంధువులంతా వచ్చి వసారాలో కూర్చోవడం, మా అమ్మ నన్ను లోపలికి తోసేయడం మసగ్గా గుర్తు. మిగతాది అమ్మ చెప్పిందే. ఏడేళ్లయింది కదా, ఇక కర్మ చేయించి, గాజులూ బొట్టూ తీసేయమన్నారట. పెద్దమ్మ ఒక్క మాటే అడిగిందట. "ఎవరు చూశారు?"

ఎవరి దగ్గరా జవాబు లేదు.

శవం దొరకనివాళ్లకు శాస్త్రంలో దారి ఉంది. మోదుగాకుల కాడలు 360 తెచ్చి, మనిషి ఆకారంగా పేర్చి, దానికి దహనం చేస్తారు. పురోహితుడు గారు ఆ మాటే చెప్పారు. పెద్దమ్మ ఒప్పుకోలేదు. 2009లో పోయేదాకా బొట్టుతోనే ఉంది. బొట్టు తియ్యాలా వద్దా అనేది వేరే మాట, నన్నడిగితే అసలు తియ్యమనేదే తప్పు. కానీ పెద్దమ్మను ముప్పైరెండేళ్లు కాల్చింది ఆచారం కాదు, తెలియకపోవడం. లెస్టర్‌లో ఆ సెప్టెంబరులో పుట్టిన విద్య మా దివిసీమకు ఏడేళ్లు ఆలస్యంగా పుట్టిందని ఇప్పుడనిపిస్తుంది.

సరే, అది మన హైదరాబాదుకు ఎలా వచ్చిందో చూడండి. హబ్సిగూడలో సి.సి.ఎం.బి. ఉంది కదా, జీవకణాల మీదా అణుజీవశాస్త్రం మీదా పరిశోధన చేసే కేంద్రం. అక్కడి శాస్త్రవేత్త లాల్జీ సింగ్ గారు మొదట పాముల మీద పరిశోధన చేసిన మనిషి. పసుపూ నలుపూ పట్టీలుండే కట్లపాము డి.ఎన్.ఏ.లో ఆయన బృందం ఒక వరసను గుర్తించింది. దాన్నే ఆధారం చేసుకుని, 1980ల చివర మనుషుల డి.ఎన్.ఏ. ముద్రలు చదివే సాధనాన్ని ఆయన ఇక్కడే తయారుచేశారు. పాము విషానికి విరుగుడు విన్నాం గానీ, పాము నుంచి మనిషి చిరునామా రావడం విన్నామా! 1991లో కేరళలోని తలశ్శేరిలో ఒక బిడ్డకు తండ్రెవరనే దావాలో ఈ సాక్ష్యాన్ని కోర్టు ఒప్పుకుంది. మన దేశంలో అదే మొదలు. ఆ తరువాత ఇదే పనికోసం హైదరాబాదులోనే సి.డి.ఎఫ్.డి. అనే మరో కేంద్రం వెలసింది.

నిప్పుకూ ఈ విద్యకూ పెద్ద పోటీ పడింది 1995లో. ఢిల్లీలో ఒకడు భార్యను చంపి, జులై 2 రాత్రి ఒక రెస్టారెంటు తందూరు పొయ్యిలో పెట్టి కాల్చబోయాడు. మంటలు చూసి కేకపెట్టింది వీధిలో కూరగాయలమ్ముకునే ఒక స్త్రీ. అది విని బీటు కానిస్టేబులు పరుగెత్తుకొచ్చాడు. కాలి, గుర్తుపట్టరాని ఆ దేహం నుంచి తీసిన నమూనాలు మన సి.సి.ఎం.బి.కి వచ్చాయి. ఆమె తల్లిదండ్రుల రక్తంతో పోల్చి, ఇది వాళ్ల బిడ్డేనని ఇక్కడి నిపుణులు తేల్చారు. 2003లో నేరస్థుడికి మరణశిక్ష వేస్తే, 2013లో సుప్రీంకోర్టు దాన్ని యావజ్జీవంగా మార్చింది. చంపినవాడు అనుకున్నదీ నా విలన్ అనుకున్నదే. నిప్పు అన్నీ తినేస్తుందని. తినదు. దేహంలో ఒకపక్క తెల్లగా కాలితే ఇంకోపక్క ఉడికి మాత్రమే ఉండొచ్చు. ఎక్కడ తక్కువ కాలిందో తెలుసుకుని అక్కడి ముక్క తీయడంలోనే నేర్పంతా.

ఆ ముక్కను ఏం చేస్తారో మా అమ్మాయి చెప్పింది. కాలిన ఎముక స్పాంజిలాంటిదట. ముట్టుకున్నవాళ్ల చెమటా, ఉమ్మీ కూడా పీల్చేసుకుంటుంది. అందుకే మాస్కులూ, గ్లవ్సులూ వేసుకుని, పైపొర గీకేసి, కడిగి, చల్లబరిచి, మెత్తగా పొడి చేస్తారు. పొడిని మందులో నానబెట్టి కాల్షియం కరిగించి, ఖనిజంలో ఇరుక్కున్న డి.ఎన్.ఏ.ను విడదీస్తారు. దొరికేది ఎంతో కొంచెం. దాన్నే యంత్రంలో వేసి లక్షల కాపీలు తీస్తారు. నా భాషలో చెప్పాలంటే, పెద్ద నిఘంటువును మంటల్లో వేసి తీసినట్టు. అంచులన్నీ మాడిపోతాయి. మధ్యలో అక్కడక్కడ నాలుగు పంక్తులు మిగులుతాయి. పూర్వం పెద్ద పెద్ద పేరాలు మిగిలితే గానీ చదవలేకపోయేవారు. ఇప్పుడు పొట్టి పొట్టి ముక్కలు కూడా చదివే పద్ధతులు వచ్చాయి. అయినా ఎముక నల్లబడిందంటే ఆశ బాగా సన్నగిల్లుతుంది. బూడిదరంగూ, తెలుపూ అయితే దాదాపు లేనట్టే.

"అంటే మనం గోదావరిలో కలిపే అస్థికల్లో..."

"పేరు ఉండదు పిన్నీ. మనం పిలిచే పేరే."

నాకో చిత్రం తోచింది. పేరు లేని ముక్కలను పట్టుకుని గోత్రనామాలతో పిలుస్తాం మనం. పేరు ఎముకలో లేకపోయినా, కుండ పట్టుకున్నవాడి నోట్లో ఉంది. కట్టె మీద పడుకోబెట్టినప్పుడు ముఖం చూశాం గనక ఆ తెల్లటి ముక్కలు మా నాన్నవే. ముఖం చూడనివాళ్ల సంగతి?

ఇంకో సంగతి చెబితే మీకూ నాలాగే ముచ్చటేస్తుంది. మన కణాల్లో డి.ఎన్.ఏ. రెండు చోట్ల ఉంటుందట. కణం నడిబొడ్డున ఉన్నది సగం తండ్రిది, సగం తల్లిది. దానికి కణానికి రెండే ప్రతులు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాలో ఉన్నది మాత్రం తల్లి నుంచే వస్తుంది. అది వందల్లో, వేలల్లో ప్రతులుంటుంది. నిప్పుకు ఎన్ని ఆహుతైనా ఎక్కడో ఒక ప్రతి మిగిలే అవకాశం ఎక్కువ. వంశం పేరు తండ్రిదంటారు. అంతా కాలిపోయాక ఆఖరుగా మిగిలే సంతకం మాత్రం అమ్మది! అది ఒక్కటే మనిషిని ఖాయంగా చెప్పలేదు, ఎందుకంటే అన్నదమ్ములకూ, అక్కచెల్లెళ్లకూ, మేనత్త కాదు గానీ పిన్నికీ, అమ్మమ్మకూ అదే ఉంటుంది. కానీ ఏ తల్లి ఇంటి బిడ్డో చెబుతుంది.

రష్యా జారు చక్రవర్తి కుటుంబాన్ని 1918లో కాల్చి చంపారు కదా. 1991లో తవ్వి తీసిన అస్థిపంజరాల్లో ఇద్దరు పిల్లలు తక్కువయ్యారు. మహారాణిని గుర్తించడానికి సాయపడింది ఇంగ్లండు రాణి భర్త ఫిలిప్ గారి రక్తం. ఆయన అమ్మమ్మ ఆ మహారాణికి అక్క. ఆ లెక్కన తల్లి సంతకం ఒకటే. 2007లో దగ్గర్లోనే, నిప్పు పెట్టిన ఆనవాళ్లున్న చిన్న గుంటలో 44 ఎముక ముక్కలూ పళ్లూ దొరికాయి. తొంభై ఏళ్ల తరువాత వాటిని చదివి, తప్పిపోయిన ఆ కొడుకూ కూతురూ వీళ్లేనని తేల్చారు.

అంత దూరం ఎందుకు? 2010 మే 22న మంగళూరులో విమానం కూలి కాలిపోయినప్పుడు 158 మంది పోయారు. చాలామందిని కళ్లతో చూసి, వస్తువులు చూసి అప్పగించేశారు. తేలనివాళ్ల నమూనాలు మన సి.డి.ఎఫ్.డి.కి వచ్చాయి. ఆఖరుకు 12 మంది ఎవరో తేలక, వాళ్లను ఒక్కచోట ఖననం చేశారు. ముందు కళ్లతో చూసి అప్పగించినవాటిలో పొరపాట్లు జరిగి ఉంటాయనే మాట అప్పుడే వినిపించింది. ఆ తల్లులను తలుచుకోండి. దుఃఖంలో కళ్లు చూసేది ఎదురుగా ఉన్నదాన్ని కాదు, చూడాలనుకున్నదాన్ని.

2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరు నుంచి హైదరాబాదు వస్తున్న బస్సు పాలెం దగ్గర అంటుకుని 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న ఇక్కడినుంచి బెంగళూరు వెళ్తున్న బస్సు కర్నూలు దగ్గర చిన్నటేకూరులో కాలిపోయింది. బస్సులో 19 మంది, మోటారుసైకిలు అతను ఒకరు. వాళ్లలో దీపావళికి ఇంటికొచ్చి మళ్లీ ఉద్యోగాలకు బయల్దేరినవాళ్లూ ఉన్నారు. మా వీధి చివర కూడా రోజూ రాత్రి తొమ్మిదింటికి అలాంటి బస్సులే ఆగుతాయి. తల్లులు టిఫిను డబ్బాలిస్తూ, "చేరగానే ఫోను చెయ్యి" అంటుంటారు. బస్సు మంటల్లో వేడి 800 డిగ్రీలు దాటుతుందని చదివాక, ఆ దృశ్యం చూడడం నాకు కష్టంగా ఉంది. కర్నూలులో రక్తసంబంధీకుల నమూనాలు తీసి పోల్చాకే దేహాలు అప్పగించారు. ఆలస్యమవుతోందని అక్కడ విసుక్కున్నవాళ్లూ ఉంటారు. ఆ ఆలస్యం దయ అని ఇప్పుడు నాకర్థమైంది.

ఇక పాశమైలారం. మా ఇంటినుంచి ముంబై రోడ్డు ఎక్కి పటాన్‌చెరు దాటితే వస్తుంది. 2025 జూన్ 30 ఉదయం అక్కడ మందుల తయారీకి వాడే పొడి తయారుచేసే ఫ్యాక్టరీలో పేలుడు జరిగింది. అద్దాల మేడల్లో పిల్లలు కంప్యూటర్లు తెరిచే వేళకే అక్కడ బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి, మన ఊళ్లనుంచి వచ్చిన పిల్లలు శిథిలాల కింద ఉన్నారు. 46 మంది చనిపోయినట్టు ధ్రువపడింది. ఎక్కువమందిని డి.ఎన్.ఏ.తోనే గుర్తించారు. ఎనిమిది మంది మాత్రం దొరకలేదు. రోజుల తరబడి శిథిలాలు జల్లించారు, దొరికిన ప్రతి ముక్కనూ పరీక్షించారు. ఆ ఎనిమిది మందికి సరిపోయేది ఒక్కటీ రాలేదు. పూర్తిగా కాలిపోయి ఉంటారని అధికారులు చెప్పి, ఆ కుటుంబాలను ఇళ్లకు వెళ్లమన్నారు.

"విద్య ఓడిపోయిందా?" అని మా అమ్మాయినడిగాను.

చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అంది. "తెల్లబడ్డాక ఎవరూ ఏమీ చెయ్యలేరు పిన్నీ. కానీ వచ్చినవాళ్ల బుగ్గలోపల దూదిపుల్ల తిప్పి నమూనా తీస్తాం చూడు, అప్పుడు వాళ్ల ముఖాలు... పరీక్ష సరిపోవాలని కోరుకోవాలో, సరిపోకూడదని కోరుకోవాలో వాళ్లకే తెలియదు."

ఆ ఎనిమిది ఇళ్లలో ఎందరు పెద్దమ్మలున్నారో! ఏ ఆఫీసులోనైనా వాళ్లను "ఋజువేదీ?" అని అడిగేవాళ్లు, ఆ ఋజువును తిన్నది నిప్పేనని మరిచిపోకుండా ఉంటే చాలు. మా పెద్దమ్మ ప్రశ్నను వాళ్లూ అడుగుతారు. ఎవరు చూశారని. ఎవరూ చూడలేదమ్మా, కానీ వెతకడం మానలేదు అని చెప్పగలగాలి మనం. 1977లో మా పెద్దమ్మకు ఆ పాటి మాట చెప్పినవాళ్లు కూడా లేరు.

నవల సంగతి అడుగుతారేమో. మార్చాను. ఇటుకల బట్టీలో ఒక దవడ పన్ను దొరుకుతుంది. హతురాలి తల్లి లేబొరేటరీకి వచ్చి నోరు తెరుస్తుంది. విలన్ దొరికిపోతాడు. రాజమండ్రి మాస్టారమ్మగారికి ఉత్తరం రాశాను, "పాఠం అప్పజెప్పాను, మార్కులు వేయండి" అని. జవాబు వచ్చింది. పదికి ఏడు వేశారు. మిగతా మూడు ఎందుకు తగ్గించారో అడగలేదు. కింద ఒక వాక్యం మాత్రం రాశారు. వాళ్లాయన పోయినప్పుడు తను ఆయన ముఖం చూశారట. "అది ఎంత భాగ్యమో మీ కథ చదివేదాకా నాకు తెలియలేదు" అని.